తమ్ముడి తొండి, అక్కకి బ్యాన్: ఒకే గేమ్ లైబ్రరీ పంచుకునే ఇంట్లో పిల్లలకి ఏం చెప్పాలి

కంప్యూటర్ గేమ్స్ కొనుక్కుని ఆడుకునే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఫ్యామిలీ గ్రూప్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకే గేమ్ లైబ్రరీ వాడుకునేవాళ్ళలో చాలామంది ఒక రూల్ చదవకుండానే సరే అని నొక్కేస్తారు. కుటుంబంలో ఒకరు కొన్న గేమ్‌ని ఇంకొకరు ఆడుతూ చీటింగ్ చేసి దొరికితే, ఆడిన అకౌంట్‌తో పాటు ఆ గేమ్ ఎవరి పేరున ఉందో వాళ్ళ అకౌంట్‌కి కూడా ఆ గేమ్‌లో బ్యాన్ పడుతుంది. మిగతా సభ్యులకి ఏమీ కాదు. అంటే, డిగ్రీ చదివే అక్క తన డబ్బు దాచుకుని కొనుక్కుని ఏళ్ళ తరబడి ఆడుకుంటున్న ఆటని, తొమ్మిదో తరగతి తమ్ముడు యూట్యూబ్‌లో చూసి దించుకున్న ఎయిమ్‌బాట్ (గురి దానంతట అదే పెట్టేసే ప్రోగ్రామ్) పెట్టుకుని ఒక మధ్యాహ్నం ఆడితే, ఆ ఆటలో అక్క ర్యాంకు, అక్క టీమ్, రోజూ రాత్రి స్నేహితులతో ఆడే మ్యాచ్‌లు అన్నీ పోతాయి. అక్క అసలు కంప్యూటర్ ముందు కూడా లేదు.

చీటింగ్ తప్పు అని పిల్లలకి అందరం చెప్తాం, వాళ్ళకీ ఆ మాట తెలుసు. ఇక్కడ వాళ్ళకి తెలియనిది వేరే ఉంది: తను ఆడుతున్నది ఇంకొకరి వస్తువు, తను చేసే పనికి జవాబు చెప్పాల్సి వచ్చేది ఆ ఇంకొకరు. ఈ సంగతి అర్థం కావడానికి ముందు అసలు ఈ పంపకం ఎలా నడుస్తుందో మనకి తెలియాలి.

స్టీమ్‌లో గేమ్స్ పంచుకోవడం 2013లోనే మొదలైంది. అప్పటి పద్ధతిలో ఇబ్బంది ఏంటంటే, నా లైబ్రరీలోంచి మీరు ఏదో ఒక గేమ్ ఆడుతుంటే నేను నా గేమ్ మొదలుపెట్టగానే మీరు ఆపి లేవాల్సిందే, లైబ్రరీ మొత్తం ఒకే మనిషికి. 2024 మార్చిలో పరీక్షకి పెట్టి అదే ఏడాది సెప్టెంబర్‌లో అందరికీ ఇచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆ ఇబ్బంది పోయింది. ఆరుగురి వరకు చేరొచ్చు. ఎవరు కొన్నది వాళ్ళ పేరునే ఉంటుంది కానీ పంచుకోవడానికి వీలున్న గేమ్స్ అన్నీ అందరి లైబ్రరీలోనూ కనిపిస్తాయి, వేరువేరు గేమ్స్ ఒకే సమయంలో ఆడుకోవచ్చు, ఒకే గేమ్‌ని ఇద్దరు ఒకేసారి ఆడాలంటే మాత్రం ఇంట్లో రెండు కాపీలు ఉండాలి. సేవ్‌లు (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్నవి), అచీవ్‌మెంట్లు (ఆటలో సాధించిన గుర్తులు) ఎవరివి వాళ్ళవే. ఇదంతా చూస్తుంటే పిల్లాడికి ఏమనిపిస్తుంది? తన అకౌంట్‌తో లాగిన్ అయ్యాడు, తన పేరు కనిపిస్తోంది, తన సేవ్‌లే ఉన్నాయి, కాబట్టి గేమ్ కూడా తనదే అనిపిస్తుంది. అప్పు తెచ్చుకున్న వస్తువు అన్న భావన ఎక్కడా కలగదు. పక్కింటివాళ్ళ సైకిల్ తొక్కేటప్పుడు ఉండే జాగ్రత్త ఇక్కడ ఉండకపోవడానికి కారణం ఇదే, పిల్లాడి నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం సరికాదు.

మరి కొన్నవాళ్ళని ఎందుకు శిక్షించాలి, ఇదెక్కడి న్యాయం అని మీ పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఈ రూల్ లేకపోతే ఏమవుతుందో ఒక్క నిమిషం ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది. ఒకడు గేమ్ ఒక్క కాపీ కొంటాడు. ఊరికే వచ్చే కొత్త అకౌంట్ ఒకటి తెరిచి, దాన్ని తన ఫ్యామిలీలో చేర్చి, ఆ అకౌంట్‌తో తొండి చేస్తాడు. అది బ్యాన్ అయితే పారేసి ఇంకొకటి తెరుస్తాడు. అసలు అకౌంట్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ఎదుట ఆడేవాళ్ళు మాత్రం రోజూ నరకం చూస్తారు. ఈ దారి మూసేయాలంటే గేమ్ ఎవరిదో వాళ్ళని కూడా బాధ్యుల్ని చేయక తప్పదు. మంచి ఇంట్లో పిల్లాడికీ, ఆ మోసగాడికీ తేడా సర్వర్‌కి కనిపించదు. "నేను కాదండీ, మా తమ్ముడు ఆడాడు" అనే మాట వాళ్ళు ఎన్నిసార్లు విని ఉంటారో ఊహించుకోవచ్చు. అకౌంట్ ఎవరిదైతే బాధ్యత వాళ్ళదేనని స్టీమ్ ఒప్పందంలోనే ఉంది.

ఈ బ్యాన్ ఎంత గట్టిదో కూడా పెద్దవాళ్ళకి తెలిసి ఉండాలి. స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ సొంత చీటింగ్ నిరోధక వ్యవస్థ పేరు వాక్, 2002 నుంచి ఉంది. అది వేసే బ్యాన్ శాశ్వతం, సపోర్ట్‌కి ఉత్తరం రాస్తే తీసేసేది కాదు. బ్యాన్ అకౌంట్ మీద ఉంటుంది కాబట్టి అదే అకౌంట్‌లో ఇంకో కాపీ కొన్నా లాభం లేదు. వాక్ బ్యాన్ పడిన గేమ్‌కి డబ్బు వాపసు అడిగే హక్కు కూడా పోతుంది. ప్రొఫైల్ చూసిన అందరికీ ఆ ముద్ర కనిపిస్తుంది. ఇది కాక ఈజీ యాంటీ చీట్, బాటిల్‌ఐ లాంటి వేరే నిరోధక వ్యవస్థలు వాడే గేమ్ కంపెనీలు తమ లెక్క ప్రకారం తాము బ్యాన్ చేస్తాయి, వాటిలో అప్పీల్ ఉంటుందా లేదా అనేది ఆ కంపెనీ ఇష్టం.

అన్నిటికంటే చిక్కు తెచ్చేది ఆలస్యం. వాక్ ఒక చీట్‌ని పట్టుకున్న క్షణంలోనే చాలాసార్లు బ్యాన్ వేయదు. వెంటనే వేస్తే ఆ చీట్ తయారుచేసినవాడికి ఎక్కడ దొరికాడో తెలిసిపోయి, రాత్రికి రాత్రే మార్చేస్తాడు. అందుకని దొరికినవాళ్ళందరినీ పోగేసి కొన్ని రోజులో వారాలో అయ్యాక ఒకేసారి వేస్తుంది. కంపెనీ వైపు నుంచి ఇది తెలివైన పని. పిల్లల వైపు నుంచి చూడండి: దసరా సెలవుల్లో మామయ్య కొడుకు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి ఏదో ప్రయత్నించారు, ఏమీ కాలేదు, అదేదో బాగానే ఉంది అనుకున్నారు, తర్వాత మర్చిపోయారు. దీపావళి దాటాక ఒక సాయంత్రం అక్క గేమ్ తెరిస్తే ఎర్ర అక్షరాలు. అప్పుడు అడిగితే పిల్లాడు "నేనేం చేయలేదు" అంటాడు, సగం నిజాయితీగానే అంటాడు. చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ మధ్య అన్ని రోజుల దూరం ఉంటే పెద్దవాళ్ళకే గుర్తుండదు. అందుకే ఈ ఆలస్యం గురించి ముందే చెప్పి ఉంచాలి. ఇవాళ ఏమీ కాలేదంటే ఎవరూ చూడలేదని అర్థం కాదు అన్న ఒక్క మాట గేమ్ పంచుకునే మొదటి రోజునే వాళ్ళ చెవిన పడాలి.

ఇక అసలు చీటింగ్ అంటే ఏంటి అన్న ప్రశ్న. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు అన్నిటినీ ఒకే గాటన కట్టి పిల్లల దగ్గర నమ్మకం పోగొట్టుకుంటారు. నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి వైస్ సిటీ ఆడిన తరం మనది. కీబోర్డు మీద పాంజర్ అని కొడితే ఎదురుగా యుద్ధట్యాంకు ఊడిపడేది, ఆస్పిరిన్ అని కొడితే ప్రాణం నిండిపోయేది, ఆ కోడ్లు నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుని ఒకళ్ళకొకళ్ళం ఇచ్చుకునేవాళ్ళం. అందులో ఎవరికీ అన్యాయం జరగలేదు. ఆ కోడ్లు ఆటలో పెట్టింది తయారుచేసినవాళ్ళే, ఎదుట ఉన్నది కంప్యూటర్ మాత్రమే. పిల్లాడు ఒంటరిగా ఆడే గేమ్‌లో డబ్బు పెంచుకున్నా, కష్టమైన బాస్‌ని (ఘట్టం చివర వచ్చే పెద్ద శత్రువుని) దాటడానికి ఆటని మార్చే మోడ్ వేసుకున్నా, చివరి ఘట్టం ఎలా దాటాలో వీడియో చూసినా దాన్ని మోసం అనకండి. మహా అయితే ఆటలో మజా తగ్గుతుంది, అది వాడి ఇష్టం. వాక్ కూడా పట్టించుకునేది తన కాపలాలో ఉన్న ఆన్‌లైన్ సర్వర్ల సంగతే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి, ఒంటరి ఆట కోసం తెరిచిన ట్రైనర్ ప్రోగ్రామ్ (ఆటలో ప్రాణం, డబ్బు లాంటివి పెంచేది) వెనకాల నడుస్తూ ఉండగానే ఆన్‌లైన్ మ్యాచ్‌లోకి దూరితే సర్వర్ ఉద్దేశం అడగదు.

ఎదుట మనిషి ఉన్నప్పుడు లెక్క మారుతుంది. అయినా అక్కడ కూడా ఇంట్లో ఒక రకం, బయట ఒక రకం. సోఫాలో పక్కపక్కన కూర్చుని ఆడేటప్పుడు చిన్నదానికి రెండు ప్రాణాలు ఎక్కువ ఇస్తాం, అది ఓడినా మళ్ళీ మొదలుపెట్టనిస్తాం, గోల్ పోస్ట్ దగ్గర వదిలేస్తాం. ఆటలో అరటిపండు అని పెట్టుకోవడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, చాలా మంచి పద్ధతి కూడా, ఎందుకంటే ఆడే అందరికీ తెలుసు, అందరూ ఒప్పుకున్నారు. ఇంట్లో అలా పెరిగిన పిల్లలు అదే అలవాటుతో ఆన్‌లైన్ సర్వర్‌లోకి వెళ్తారు. అక్కడ అరటిపండు ఎవరూ లేరు. అవతల ఆడేది బ్రెజిల్‌లో కుర్రాడో, వరంగల్‌లో ఇంటర్ చదివే అమ్మాయో, వాళ్ళు ఏమీ ఒప్పుకోలేదు. గోడల వెనక ఎవరున్నారో చూపించే వాల్‌హ్యాక్ నాకు ఉందని వాళ్ళకి తెలియదు. పిల్లలకి తేడా చెప్పడానికి ఇంతకంటే సూటి ప్రశ్న నాకు తోచలేదు: ఎదుట మనిషి ఉన్నాడా, ఉంటే నువ్వు వాడుతున్నది అతనికి తెలుసా, తెలిస్తే సరే అంటాడా? మాక్రోలు (ఒక్క నొక్కుతో చాలా పనులు చేయించేవి), ఆటో క్లిక్కర్లు (మౌస్‌ని వాటంతట అవే నొక్కేవి), ఆటలో బగ్ అంటే లోపం దొరికితే వాడుకోవడం లాంటి మధ్యస్థంగా ఉండే వాటికి కూడా ఈ ప్రశ్న చాలావరకు పనికొస్తుంది.

రూల్స్ గురించి పిల్లల ఆలోచన వయసుతో మారుతుందని మొదట శ్రద్ధగా చూసినవాళ్ళలో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే ఒకరు. ఆయన 1932లో అచ్చువేసిన పరిశీలనకి సామగ్రి గోళీలాట. జెనీవా, న్యూషాటెల్ ఊళ్ళ పిల్లలతో గోళీలు ఆడుతూ, ఈ రూల్ ఎక్కడిది, దీన్ని మార్చొచ్చా అని అడుగుతూ పోయారు. చిన్నపిల్లలు రూల్ పెద్దవాళ్ళు పెట్టింది, మార్చకూడదు అని గట్టిగా చెప్పేవాళ్ళు, ఆడేటప్పుడు మాత్రం ఇష్టం వచ్చినట్టు ఆడేవాళ్ళు. పది పదకొండేళ్ళు దాటినవాళ్ళు రూల్ మనం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు అనేవాళ్ళు, వాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా పాటించేవాళ్ళు. తను కూడా కలిసి పెట్టుకున్న రూల్‌ని పిల్లలు నిలబెడతారు అన్నది ఇందులోంచి నేను తీసుకునే మాట. ఫ్యామిలీ లైబ్రరీ రూల్స్ నాన్న ఒక్కడే చదివి వినిపిస్తే పని జరగదు. అక్క ఏ గేమ్స్ విషయంలో భయపడుతోందో అక్క నోటితోనే తమ్ముడు వినాలి, తమ్ముడు దానికి బదులుగా ఏం అడుగుతున్నాడో అక్క వినాలి.

దొరికాక అబద్ధం ఆడటం ఇంకో పెద్ద సంగతి, నిజానికి చీటింగ్ కంటే ఇంట్లో ఎక్కువ గొడవ దాని గురించే అవుతుంది. టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేసే కాంగ్ లీ, ఆయన సహచరులు పిల్లల అబద్ధాల మీద చాలా పరిశోధనలు చేశారు. ఒకదాంట్లో 3 నుంచి 7 ఏళ్ళ పిల్లల్ని గదిలో ఒంటరిగా ఉంచి, వెనక ఉన్న బొమ్మని తొంగి చూడొద్దని చెప్పారు. తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో కథ చదివి, చూశావా అని అడిగారు. అబద్ధమాడితే ముక్కు పెరిగే పినోకియో కథ ఒకటి, మనం నాన్నా పులి అని చెప్పుకునే కథకి ఇంగ్లీషు రూపం ఒకటి, చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి నిజం ఒప్పుకుంటే తండ్రి మెచ్చుకున్న జార్జ్ వాషింగ్టన్ కథ ఒకటి. 2014లో వచ్చిన ఫలితం ఏంటంటే, నిజం ఒప్పుకున్నవాళ్ళ సంఖ్య వాషింగ్టన్ కథ విన్నవాళ్ళలోనే పెరిగింది. నాన్నా పులి కథ, పోల్చి చూడటానికి కొందరికి చదివిన, అబద్ధాలతో సంబంధం లేని తాబేలు కుందేలు కథ ఒకేలా పనిచేశాయి, అంటే పనిచేయలేదు. అబద్ధమాడితే పులి తినేస్తుంది అని తరతరాలుగా చెప్తున్నాం, పిల్లాడు దాన్నుంచి నేర్చుకునేది భయం. నిజం చెప్తే ఏం జరుగుతుంది అన్నది ఆ కథలో ఎక్కడా లేదు. విక్టోరియా తల్వార్‌తో కలిసి కాంగ్ లీ 2011లో అచ్చువేసిన ఇంకో పరిశోధన పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల మీద జరిగింది, ఒకదాంట్లో బెత్తంతో కొడతారు, ఇంకోదాంట్లో కొట్టరు. తొంగి చూడటంలో పెద్ద తేడా లేదు. కొట్టే బడి పిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు, ఆ అబద్ధాన్ని ఇంకా నేర్పుగా నిలబెట్టారు కూడా.

కాబట్టి ఇంట్లో ముందే ప్రకటించాల్సిన మాట ఒకటుంది, అది బెదిరింపులా ఉండకూడదు. "నాన్నా, ఏదైనా డౌన్‌లోడ్ చేశావనుకో, ఆడావనుకో, ఆ రోజే వచ్చి నాకో అక్కకో చెప్పు. కేకలెయ్యను. కలిసి తీసేద్దాం." చెప్పాక నిజంగా కేకలు వేయకూడదు, మొదటిసారి మాట తప్పితే రెండోసారి వాడు రాడు. ఆ రోజే చెప్తే నిజంగా ఉపయోగం కూడా ఉంది, ఎందుకంటే చీట్ ప్రోగ్రామ్ వల్ల పోయేది గేమ్ ఒక్కటే కాదు. ఉచితంగా దొరికే ఇలాంటి ప్రోగ్రాముల్లో బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్‌లు దొంగిలించే వైరస్‌లు దాగి ఉండటం మామూలు. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి అని వీడియోలో చెప్తున్నారంటే అక్కడే ఆగిపోవాలని పిల్లలకి గుర్తుండేలా చెప్పండి. అదే కంప్యూటర్‌లో మీ బ్యాంకు, మీ ఆఫీసు మెయిల్ ఉంటాయి. అలాంటిది జరిగితే ఇంకో ఫోన్‌లోంచి పాస్‌వర్డులు మార్చడం ఎంత తొందరగా జరిగితే అంత మంచిది.

సెట్టింగ్స్ విషయానికొస్తే, పిల్లాడిని ఫ్యామిలీలో చైల్డ్ గానే చేర్చండి, అడల్ట్ గా వద్దు. చైల్డ్ అకౌంట్‌కి ఏ గేమ్స్ కనిపించాలో పెద్దవాళ్ళు ఎంచొచ్చు, ఆడే సమయం పరిమితం చేయొచ్చు, ఎంతసేపు ఏం ఆడాడో చూడొచ్చు, స్టోర్‌నీ చాట్‌నీ ఆపొచ్చు. నా సలహా ఇది: అక్క పోటీగా ఆడే ఆన్‌లైన్ గేమ్స్ రెండో మూడో ఉంటాయి, వాటిని తమ్ముడి జాబితాలోంచి తీసేయండి, మిగతా లైబ్రరీ అంతా తెరిచి ఉంచండి. వాడికి కూడా ఆ గేమ్ కావాలంటే సేల్ వచ్చినప్పుడు వాడి అకౌంట్‌లోనే కొనివ్వండి. సొంత కాపీ ఉంటే తొండి చేసినా దెబ్బ వాడికే, ఇద్దరూ కలిసి ఒకే మ్యాచ్ కూడా ఆడుకోవచ్చు. కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఉచిత గేమ్స్ ఎవరి అకౌంట్‌లో వాళ్ళే పెట్టుకుంటారు కాబట్టి అక్కడ ఈ అరువు సమస్య రాదు. ఇలా కొన్ని తీసేయడాన్ని శిక్ష అనిపించకుండా చెప్పడం ముఖ్యం, వాడు ఏ తప్పూ చేయకముందే చెప్పడం ఇంకా ముఖ్యం.

పెద్దవాళ్ళం మనం ఏం చేస్తున్నామో కూడా పిల్లలు చూస్తూనే ఉంటారు. స్టీమ్ అకౌంట్ తెరవడానికి కనీస వయసు 13. పదేళ్ళ పిల్లాడి పక్కన కూర్చుని పుట్టిన సంవత్సరం మార్చి కొట్టి అకౌంట్ తెరిచిచ్చి, ఆ తర్వాత చీటింగ్ మీద క్లాసు పీకితే వాడు వింటాడా? 13 లోపువాళ్ళని మీ అకౌంట్‌లోనే, మీరు పక్కనుండగా ఆడనివ్వండి, ఒంటరి ఆటలే ఆడనివ్వండి. అలాగే ఈ ఫ్యామిలీ అనేది ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ కోసం పెట్టింది. అయినా ఆఫీసు స్నేహితుల్ని, ఎక్కడో ఉన్న బావమరిదిని చేర్చేసి ఖర్చు పంచుకునేవాళ్ళున్నారు. ఆ స్నేహితుడి కొడుకు ఏం డౌన్‌లోడ్ చేస్తాడో మీకు తెలియదు, మీ గేమ్‌లో తొండి చేస్తే బ్యాన్ మాత్రం మీ అకౌంట్ మీద కూడా పడుతుంది. అప్పుడు వాళ్ళని తీసేసినా, ఖాళీ అయిన ఆ స్థానంలో ఇంకొకరిని చేర్చడానికి ఏడాది గడువు ఉంటుంది. బయటికెళ్ళిన పెద్దవాళ్ళు ఇంకో ఫ్యామిలీలో చేరాలన్నా మొదట చేరిన రోజు నుంచి ఏడాది నిండాలి.

మన దగ్గర కంప్యూటర్ లేని ఇళ్ళలో ఈ కథంతా ఫోన్ మీద నడుస్తుంది. నాన్న ఫోన్‌లో అన్న అకౌంట్, అదే ఫోన్‌లో చెల్లి అకౌంట్. కొన్ని మొబైల్ గేమ్స్ అకౌంట్‌తో ఆగకుండా ఫోన్‌నే బ్యాన్ చేస్తాయి, అప్పుడు ఆ ఫోన్‌లో ఇంకెవరి అకౌంట్ తెరిచినా ఆట నడవదు. మోడ్ ఏపీకే (ఎవరో మార్చిన ఆండ్రాయిడ్ గేమ్ ఫైలు) అని వాట్సాప్‌లో వచ్చిన ఫైలు విషయంలో పైన చెప్పినదంతా వర్తిస్తుంది, యూపీఐ ఉన్న ఫోన్ కాబట్టి ఇంకా ఎక్కువగా.

బ్యాన్ ఇప్పటికే పడి ఉంటే? ముందు అక్క బాధని చిన్నది చేయకండి. "గేమే కదా, పోతే పోయింది, వాడు చిన్నోడు" అనే మాట ఆ రోజు ఇంట్లో ఎవరూ అనకూడదు, అంటే వాడికి అందే సందేశం ఏంటంటే ఏమీ పోలేదని. వాడి పాకెట్ మనీతో కొత్త కాపీ కొనిస్తే సరిపోతుందని కూడా అనకండి, అదే అకౌంట్‌లో అది పనిచేయదని పైన చూశాం. పోయినది తిరిగి రాదన్న సంగతి వాడు అక్క ఎదురుగా కూర్చుని వినాలి, ఏం పోయిందో అక్క చెప్పాలి, ఎన్నేళ్ళు ఆడింది, ఎవరితో ఆడేది. ఆ తర్వాత బదులుగా ఏం చేయాలో వాళ్ళిద్దర్నే తేల్చుకోనివ్వండి. ఒక ఇంట్లో అది నెల రోజులు కంప్యూటర్ సమయం అక్కకి ఇచ్చేయడం కావచ్చు, ఇంకో ఇంట్లో అక్క కొత్త అకౌంట్‌లో మొదట్నుంచి మొదలుపెడుతుంటే దానికయ్యే డబ్బు తమ్ముడు కొంచెం కొంచెంగా కట్టడం కావచ్చు. వాడిని ఫ్యామిలీలోంచి తీసేయాలా అని మాత్రం ఆ కోపంలో నిర్ణయించకండి. చైల్డ్ అకౌంట్ తనంతట తాను బయటికి వెళ్ళలేదు, తీసేసేది పెద్దవాళ్ళే, తీసేశాక ఆ ఖాళీ స్థానానికి ఏడాది గడువు ఎలాగూ ఉంది. ఉంచి, ఆన్‌లైన్ గేమ్స్ ఆపి, ఒంటరి ఆటలు వదిలి, మూడు నెలలకోసారి మళ్ళీ కూర్చుని ఏవి తెరవొచ్చో మాట్లాడుకోవడం మేలు. ఆ మాటల్లో తమ్ముడు కూడా ఉండాలి, ఏ గేమ్ తెరవాలన్న చివరి మాట మాత్రం ఆ గేమ్ కొన్న అక్కదే.